మనస్సునకు మందు, ఎముకకు మరపు

ఉద్దానమను మాట ఉద్యానమునుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు సముద్రపుటొడ్డున వ్యాపించిన కొబ్బరితోటలను, జీడితోపులను, పనసచెట్లను చూచినవారికి ఆ మాట నిజమని తోచకమానదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఆ తోటలను నేలకూల్చిపోయెను. నాటిన మొక్క మరల చెట్టగును. ఈ సీమకు పట్టిన కిడ్నీవ్యాధి మాత్రము తుపానువలె వచ్చి పోవునది కాదని దేశమంతయు ఎరుగును. దానినిగూర్చి వ్రాయని పత్రిక లేదు, మాటయీయని నాయకుడు లేడు. మేము నేడు వ్రాయదలచినది ఆ వ్యాధి నీడలో పడి యెవరి కంటికిని కానరాకయున్న మరియొక బాధనుగూర్చి. స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధికి సంవత్సరముల తరబడి మందు తినుచున్నవారి యెముకలు వయస్సు రాకముందే గుల్లబారుచున్నవి. ఉద్దానమున ఈ సంగతి పట్టించుకొనవలసిన యవసరము తక్కినచోట్లకంటె ఎక్కువగా నున్నది.

ఈ వ్యాధి పేరు పట్టణవాసులకు క్రొత్త కాదు. పల్లెలలో దానికి వేరు పేర్లు కలవు. గాలి సోకినదందురు, దయ్యము పట్టినదందురు, చేతబడి యందురు. లేని మాటలు చెవిని బడుట, అయినవారే తనకు కీడు తలపెట్టుచున్నారని నమ్ముట, పలుకు తగ్గి మూల గూర్చుండుట, స్నానభోజనములయందు ఆసక్తి నశించుట, ఇవి దాని లక్షణములు. లోకమున ఇంచుమించు మున్నూరుమందిలో ఒకరికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ఇరువదిలక్షలకు మించిన జనులున్న శ్రీకాకుళము జిల్లాకు ఆ పాలు అన్వయించి చూచినచో ఆరేడువేలమంది తేలుదురు. అందరును మందు తినుచున్నారని కాదు. తినువారికి మనస్సు కుదుటపడినదా లేదా యని యడుగువారైన నున్నారు. వెన్ను వంగినదేమి, క్రిందపడితివేమి యని యడుగువారు లేరు.

చదువరులలో కొందరు నవ్వవచ్చును. మతి చలించినవానికి ఎముకలతో నేమి సంబంధమని యడుగవచ్చును. సంబంధము కలదు, అది మందులోనే కలదు.

1952లో పారిస్ నగరపు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను మందును మనోరోగులకు ఇచ్చి చూచి ఆశ్చర్యపడిరి. 1958లో బెల్జియము దేశమున హాలోపెరిడాల్ పుట్టెను. సంకెళ్లును చీకటిగదులును చికిత్సలుగా చెల్లుచుండిన లోకమున ఈ మందులు వేలకొలది జనులను ఇండ్లకు పంపినవి. వానిని నిందించుట మా యుద్దేశము కాదు. ఈ వ్యాసమునుండి ఎవరైనను ఒక్క మాటయే గుర్తుంచుకొనదలచినచో, మందు మానరాదను మాటనే గుర్తుంచుకొనవలయునని ముందే మనవి చేయుచున్నాము. అయితే మందు చేయు మేలును చెప్పి, అది చేయు నష్టమును దాచుట వైద్యధర్మము కాదు.

మెదడునందు డోపమిన్ అను రసాయనము కలదు. ఈ మందులు దాని యుద్ధృతిని అణచును. అందుచేతనే భ్రమలు శమించును. అదే డోపమిన్ మెదడు క్రిందిభాగముననున్న పిట్యూటరీ గ్రంథికి కళ్లెము వంటిది. కళ్లెము సడలగానే ఆ గ్రంథి ప్రొలాక్టిన్ అను హార్మోనును అధికముగా విడుచును. పాలిచ్చు తల్లి దేహమున ప్రొలాక్టిన్ పెరుగుట ప్రకృతిధర్మము. చంటిబిడ్డ లేని స్త్రీయందును, పురుషునియందును అది యేండ్లతరబడి పెరిగియుండుట వేరు సంగతి. అప్పుడు స్త్రీలలో ఈస్ట్రోజెన్, పురుషులలో టెస్టోస్టిరోన్ తగ్గిపోవును. ఆ రెండును ఎముకకు కాపరులు. ఎముక రాయివలె చచ్చిన వస్తువు కాదు. దినదినమును కొంత కరగుచు, కొంత కట్టబడుచునుండును. కాపరులు లేనినాడు కరగుట యెక్కువై, కట్టుట తక్కువై, లోపల తేనెపట్టువలె గుల్లయగును. పైకి చూచువానికి ఏమియు తెలియదు. ఒకనాడు గుమ్మము తగిలి పడుటయు, తుంటి విరుగుటయు జరుగును.

మందులన్నియు ఒక్కతీరు కావు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అమిసల్ప్రైడ్, కొన్ని వారముల కొకమారు పొడుచు ఫ్లూఫెనజీన్ సూది, ఇవి ప్రొలాక్టినును బాగుగా పెంచును. ఒలాంజపీన్, క్వెటియాపీన్, క్లోజపీన్ అంతగా పెంచవు. అరిపిప్రజోల్ ఇంచుమించు పెంచదు. వేరొక మందువలన పెరిగినదానిని తగ్గించుటకుగూడ దానిని జతచేయుదురు. ఇంతమాత్రమున అందరికిని అరిపిప్రజోలే వ్రాయుమనుట అవివేకము. ఒకనికి పనిచేసినది మరియొకనికి చేయదు. ఒలాంజపీన్ దేహమును లావెక్కించి మధుమేహమును తెచ్చుట కలదు. మధుమేహము కిడ్నీకి శత్రువు. తూనిక వేయవలసినది వైద్యుడు. ఆ తూనికలో ఎముకను గూడ ఒక తట్టలో నుంచుడని మాత్రమే మేము కోరుచున్నాము.

ఇక్కడ స్త్రీలనుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. ప్రొలాక్టిన్ పెరిగినపుడు మొదట కనబడు గుర్తు నెలసరి ఆగిపోవుట. పెండ్లికాని పిల్లకు నెలలతరబడి బహిష్టు రాకున్న ఇంటివారు అవమానముతో నోరు మూసికొందురు. పెండ్లియైనదానికి రాకున్న కడుపు పండినదని సంతోషించి, పిమ్మట నిరాశపడుదురు. ఒంట వేడిమి యని కొందరు సరిపెట్టుకొందురు. మగ వైద్యుని యెదుట ఆమె తనంతట చెప్పదు, వెంటవచ్చిన అన్నయో తండ్రియో చెప్పడు, వైద్యుడును యడుగడు. ముగ్గురి మౌనమునకు మూల్యము ఆమె వెన్నుపూస చెల్లించును. ఒక్క ప్రశ్నయు, ఒక్క రక్తపరీక్షయు చాలును. మోతాదు తగ్గించుటకో, మందు మార్చుటకో వైద్యునికి దారులు కలవు. పురుషుల విషయమున ఈపాటి గుర్తుకూడ ఉండదు. కోరిక తగ్గినదని, రొమ్ములు పెరిగినవని చెప్పుటకు ఏ యువకుడు ముందుకు వచ్చును? చెప్పక, సిగ్గుపడి మందే మానివేయును. వ్యాధి తిరుగబెట్టును.

మందొక్కటియే కారణమని చెప్పుట సత్యము కాదు. మందులు పుట్టకముందే, 1870 ప్రాంతమున, ఇంగ్లండు దేశపు పిచ్చాసుపత్రులలో చనిపోయినవారి ప్రక్కటెముకలు విరిగియుండుట చూచి పెద్ద రగడ చెలరేగినది. కాపలావారు మోకాళ్లతో అదిమి విరుగగొట్టిరని కొందరు, ఆ రోగుల యెముకలే మెత్తబడియున్నవని కొందరు వాదించిరి. కాపలావారు కొట్టుటయు నిజమే కావచ్చును, ఎముకలు మెత్తబడుటయు నిజమే కావచ్చును. మెత్తని యెముకలు గలవానిని కొట్టిన పాపము తగ్గునా? ఆ వాదమునుండి మనము గ్రహింపవలసినదేమన, వ్యాధి తెచ్చిపెట్టు బ్రదుకే ఎముకకు హానికరమని. రోగి యెండలోనికి రాడు. నడువడు. ఏది పెట్టిన అది తినును, పెట్టకున్న ఊరకుండును. బీడీలు మాత్రము ఒకదాని వెంట నొకటి కాల్చును. ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ చుట్ట లోకప్రసిద్ధము. పొగాకు నోటికే కాక ఎముకకును చేటు. మందువలన కలుగు మగతయు, లేచినిలుచున్నంతనే తలతిరుగుటయు తోడైనప్పుడు పడిపోవుట సులభము.

అన్నిటికంటె విచారింపదగినది వయస్సు. మనుష్యుని యెముక ముప్పదియేండ్ల ప్రాంతమువరకు బలము కూడబెట్టుకొనును. పిమ్మట జీవితమంతయు ఆ కూడబెట్టినదానిని ఖర్చుచేయును. స్కిజోఫ్రీనియా సామాన్యముగా పదునారు పదునేడేండ్లకును ముప్పదికిని నడుమ మొదలగును. అనగా కూడబెట్టవలసిన కాలముననే కొల్లగొట్టబడుచున్నది. 2014లో ప్రకటింపబడిన ఒక సమీక్ష పలుదేశముల పరిశోధనలను కూర్చి చూచి, ఈ వ్యాధిగ్రస్తులలో ఇంచుమించు సగముమందికి ఎముకల సాంద్రత తగ్గియున్నదని తేల్చినది.

ఇంతవరకు చెప్పినది విశాఖపట్నమునకైనను, విదేశములకైనను చెల్లును. ఉద్దానము మాట వేరు. ఇక్కడ నడివయస్కులను, రైతుకూలీలను, మధుమేహము రక్తపుపోటు లేనివారినిగూడ దీర్ఘకాలిక కిడ్నీవ్యాధి పట్టుచున్నది. దాని మూలకారణమునుగూర్చిన వాదములు తెగలేదు. నీరనువారు, ఎండ యనువారు, మందు చల్లుట యనువారు కలరు. వాదమెట్లున్నను వ్యాధి యున్నది. ఈ దశాబ్దారంభమునకు పూర్వము జరిగిన పరిశోధనలలో పెద్దవారిలో అయిదుగురికి ఇంచుమించు ఒకరు కిడ్నీ దెబ్బతిన్నవారుగా తేలిరి.

కిడ్నీకిని ఎముకకును చుట్టరికమేమి? విటమిన్-డి యెండ సోకిన చర్మమున పుట్టును. పుట్టినది పుట్టినట్లు పనికిరాదు. కాలేయమున ఒక మార్పు, కిడ్నీలో రెండవ మార్పు పొందిన పిమ్మటనే అది ప్రేవులనుండి కాల్షియమును లాగి రక్తమునకు అందీయగలదు. కిడ్నీ చెడినపుడు ఆ రెండవ మార్పు కుంటుపడును. భాస్వరము బయటికి పోక రక్తములో నిలుచును. కంఠమునందలి పారాథైరాయిడ్ గ్రంథులు రక్తమున కాల్షియము తగ్గెనని తొందరపడి ఎముకలనుండి లాగి తెచ్చును. ఇంట బియ్యము నిండుకొన్నప్పుడు విత్తనపు గాదె విప్పుకొన్నట్లన్నమాట. తినుటకు ఆ పూటకు దొరకును. వచ్చు ఏరువాకకు విత్తులుండవు. ఇది చాలదన్నట్లు ఆరోగ్యవంతులలోనే విటమిన్-డి కొరతయు, ఆహారమున కాల్షియపు కొరతయు విస్తారముగా నున్నవని తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థవారు 2007లో చూపించిరి. ఎండకు కొరతలేని దేశమున ఎండ యిచ్చు విటమినుకు కొరత!

ఇప్పుడు రెండును ఒకే మనిషియందు కలిసినవని తలచుడు. మనోవ్యాధికి మందు తినుచున్నవాడు; కిడ్నీ సగము చెడినవాడు. మూలుగుచున్న నక్కపై తాటిపండు పడినట్లుండును. అందులోను ఒక చిక్కు కలదు. ప్రొలాక్టినును గట్టిగా పెంచు మందులలో నొకటియగు అమిసల్ప్రైడ్ ముఖ్యముగా కిడ్నీద్వారానే బయటికి పోవును. కిడ్నీ చెడినవానికి మామూలు మోతాదు ఇచ్చినచో అది దేహముననే నిలిచి మోతాదు పెరిగినట్లగును. రిస్పెరిడోన్ విషయమునను కిడ్నీ చెడినవారికి మోతాదు తగ్గింపవలసియుండును. దూరపట్టణముననున్న మనోవైద్యునికి ఎదుట గూర్చున్న రోగి ఉద్దానమువాడని తెలియనిచో, క్రియాటినిన్ పరీక్ష చేయించవలయునను తలంపు ఎట్లు కలుగును? ఈ మందులే కాదు, మరియొక మనోవ్యాధికి వాడు లిథియము కిడ్నీకే హాని చేయగలది. ఈ తీరమున మనస్సునకు మందు వ్రాయు చేయి ముందు కిడ్నీ లెక్క చూడవలయును.

తరువాతి చిక్కు నొప్పిబిళ్లది. ఒక యింటిని ఊహించుకొనుడు. తల్లి కాశీబుగ్గ జీడిపప్పు కర్మాగారమున గింజలు ఒలుచుచు బ్రదుకుచున్నది. ముప్పదిరెండేండ్ల కుమారుడు పదేండ్లుగా మందు తినుచు, ఇంటిలోనే యుండును. నడుము నొప్పియనుచున్నాడు. ఇరుగువారు ఆమెతో ననుమాట: “ఆడికేటీ నేదు, అంతా ఎర్రితనమే.” నొప్పి హెచ్చినపుడు ఊరి ఆరెంపీ వైద్యుడు ఒక డైక్లోఫెనాక్ సూది పొడుచును, పది బిళ్లలిచ్చును. ఆ మందు కిడ్నీకి చేటని ఉద్దానమున గోడలమీదనే వ్రాయదగిన మాట. అయినను కూలిపని చేసి వచ్చినవాడు మొదలు ముసలివారివరకు దానినే మ్రింగుదురు. గుల్లబారిన వెన్నుపూస నొప్పికి మందు తిని కిడ్నీని చెరుపుకొనుట, చెడిన కిడ్నీచేత ఎముకను మరింత చెరుపుకొనుట, ఇది గానుగెద్దు తిరుగుడు.

ఎర్రితనమను మాటలోనే అసలు అన్యాయమున్నది. మతి చలించినవాని బాధలన్నియు మతివలననే కలుగునని మనము నమ్ముదుము. బంధువులే కాక, చదువుకొన్న వైద్యులుగూడ పలుమారు నమ్ముదురు. కాలు లాగుచున్నదన్న భ్రమ. వెన్ను మండుచున్నదన్న భ్రమ. దీనికి విరుద్ధముగా, ఈ వ్యాధిగ్రస్తులలో కొందరు ఎముక విరిగినను నొప్పి చెప్పరు. చెప్పుటకు మాట కూడదు, లేదా నొప్పియే తక్కువగా తోచును. చెప్పినవాని మాట వినము, చెప్పనివానిని చూడము. సామాన్యులలోనే వెన్నుపూస విరుగుడులలో పెక్కు వైద్యుని కంటబడక గూనిగా, పొట్టితనముగా పరిణమించుచుండగా, వీరి గతి వేరుగా చెప్పనేల?

2017నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ఈ విషయమున స్పష్టముగా మాటాడినది. ఏ వైద్యసహాయము విషయమునందైనను మనోరోగిని శరీరరోగితో సమానముగా చూడవలయునని దాని 21వ సెక్షను శాసించుచున్నది. సంకెలలు వేయరాదని 95వ సెక్షను చెప్పుచున్నది. సంకెల కానరాకున్నను, గడియవేసిన గది సంకెలయే. నాలుగు గోడల నడుమ ఎండ సోకక, అడుగు కదలక గడచిన అయిదేండ్లు ఎముకకు చేయు హాని మందు చేయుదానికి తీసిపోదు. కాని యిట్లు గడియవేయువారందరును క్రూరులని మేమనము. చుట్టుపట్ల తోటలు కూలి, సంపాదించు బిడ్డలు దూరదేశములకు కూలికి పోగా, ముసలితల్లి యొక్కతె పనికిపోవుచు కొడుకు బావిలో పడునేమో యను భయముతో గడియ వేయును. ఆమెను దూషించుట సులభము. ఆమె పనికి పోయినవేళ ఆతనిని కనిపెట్టు మనిషిని చూపుట కష్టము.

అధికారులు చెప్పు సమాధానము మాకు తెలియును. మనోవైద్యుడే దొరకనిచోట ఎముకల మాట యెందుకందురు. ఈ సమాధానము సగము నిజము. 2015, 2016 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తీవ్రమనోవ్యాధులు గలవారిలో నలుగురికి ముగ్గురు చికిత్సయే పొందుట లేదని తేలినది. పలాసనుండి విశాఖపట్నపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఇంచుమించు రెండువందల కిలోమీటర్లు. బస్సులో గూర్చుండుటకే భయపడు రోగిని వెంటబెట్టుకొని, ఒకనాటి కూలి పోగొట్టుకొని అంతదూరము పోవుట యెంతటి పనియో పోయినవారికి తెలియును. అట్టివాడు తెచ్చుకొన్న మూడుమాసముల మందుచీటిలో ఎముకమాట లేదని మేము గోలపెట్టుట వారికి అతిశయముగా తోచవచ్చును.

అయితే ఉద్దానమునకు తక్కిన వెనుకబడిన సీమలకు లేని సొత్తు ఒకటి కలదు. తన దురదృష్టమువలననే అది లభించినది. కిడ్నీవ్యాధి కారణముగా ఇక్కడ ఊరూర రక్తపరీక్షలు జరిగినవి. టెక్కలి, పలాస, సోంపేట ఆసుపత్రులలో డయాలిసిస్ యంత్రములు వెలసినవి. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన కిడ్నీ పరిశోధనాకేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. హిరమండలము జలాశయపు నీటిని గొట్టములద్వారా ఊళ్లకు తెచ్చు పథకమును నాడే ఆరంభమైనది. ఎముకకు సంబంధించిన కాల్షియము, భాస్వరము, విటమిన్-డి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు కిడ్నీవైద్యునికి నిత్యకృత్యములు. అనగా మనోరోగి యెముకకు కావలసిన విద్యలో మూడువంతులు ఆ గడపలోపలనే యున్నది. వారమునకొక దినము శ్రీకాకుళము ప్రభుత్వ వైద్యకళాశాలనుండి మనోవైద్యుడొకరు వచ్చి అక్కడ గూర్చున్నచో, క్రొత్త భవనము కట్టనక్కరలేదు. ప్రొలాక్టిన్ పరీక్ష ఒక్కటి జతచేయవలయును. ఎముకల సాంద్రత కొలుచు డెక్సా యంత్రమొకటి జిల్లాలో ప్రభుత్వాసుపత్రికి చేర్చవలయును. అది కిడ్నీరోగులకును, ముట్లుడిగిన స్త్రీలకును గూడ ఉపయోగపడును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1994లో నిర్ణయించిన కొలతనుబట్టి ఆ యంత్రపు లెక్క మైనస్ 2.5 లేక అంతకు తక్కువగా వచ్చినచో గుల్లయెముక యందురు. బజారులలో కంపెనీలవారు మడమకు పట్టి చూచు చిన్నయంత్రపు శిబిరములు పెట్టి డబ్బాలు అమ్ముకొనుట చదువరులు చూచియుందురు; అది ఈ పరీక్షకు సాటి కాదు.

డబ్బాల మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. ఎముక గుల్లబారుచున్నదని విన్నంతనే మందులకొట్టుకు పరుగెత్తి కాల్షియము బిళ్లలు, ఆరులక్షల యూనిట్ల విటమిన్-డి సూదులు తెచ్చుకొనుట ఉద్దానమున ప్రమాదము. కిడ్నీ చెడినవాని రక్తమున కాల్షియము హద్దుమీరినచో కిడ్నీకే మరింత చేటు కలుగును. ఎముకలకు ప్రత్యేకముగా ఇచ్చు అలెండ్రోనేట్ వంటి మందులుకూడ కిడ్నీశక్తి మిక్కిలి తగ్గినవారికి పనికిరావు. ముందు క్రియాటినిన్ చూడవలయును, పిమ్మట మందు. ఆహారమునకును ఇదే నియమము. కిడ్నీ బాగున్నవానికి చోడి అంబలిని మించినది లేదు. నూరు గ్రాముల చోళ్లలో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. దినమునకు పెద్దవారికి వేయి మిల్లీగ్రాములు కావలయునని 2020లో భారత వైద్యపరిశోధనా మండలి నిర్ణయించినది. మన తాతలు ప్రొద్దున్నే త్రాగినదానిని మనము నాగరికులమై వదలుకొంటిమి. ముల్లుతో నమలదగిన ఎండునెత్తళ్లు, మజ్జిగ, మునగాకు ఈ తీరమున దుర్లభములు కావు. కిడ్నీ చెడినవాడు మాత్రము పాలు, చేపలు, ఎండుచేపల ఉప్పు వీని విషయమున తన వైద్యునే యడుగవలయును. ఒకనికి అమృతమైనది వానికి భాస్వరపు బరువు.

ఇంటివారు చేయదగిన పనులు వైద్యుని రాకకై వేచియుండవు. ఉదయమో సాయంకాలమో రోగిని వెంటబెట్టుకొని తోటగట్టున అరగంట నడచుట. బీడీ, చుట్ట తగ్గించుటకు నచ్చజెప్పుట. రాత్రి లేచునపుడు తగిలి పడకుండ దారిలోని రోకలి, పీట తొలగించి దీపముంచుట. ఎత్తు తగ్గుచున్నదేమో గోడమీద గీతగీచి యేటేట చూచుట. నొప్పియన్నప్పుడు నొప్పియని నమ్ముట. మాటాడుటకు ఎవరును దొరకనిచో 2022 అక్టోబరు 10న దేశమున ఆరంభమైన టెలి-మానస్ టెలిఫోను సంఖ్య 14416. తెలుగున మాటాడువారు కలరు.

నెలసరి ఆగినదని, వెన్ను వంగినదని తెలిసినంతనే మందు చెత్తకుప్పలో పారవేయువారు కొందరుందురని మాకు తెలియును. ఆ పని చేసినవాని ఇంటికి వ్యాధి రెట్టింపు బలముతో తిరిగివచ్చును. ఈ మారు బావిగట్టు, రైలుపట్టాలు దగ్గరగును. మందు మార్పు వైద్యునిచేత, మెల్లగా జరుగవలయును. పోవునపుడు మూడు కాగితములు చేతబట్టుకొని పోవుడు: ఇప్పుడు తినుచున్న మందుల చీటి, ఈ సంవత్సరమున చేయించిన క్రియాటినిన్ కాగితము, గత రెండేండ్లలో పడిన సందర్భములును, స్త్రీయైనచో నెలసరి తేదీలును వ్రాసిన కాగితము. విశాఖపట్నమున వైద్యుడు రోగిని చూచునది పది నిమిషములు. ఉద్దానమునుండి వచ్చితిమని మొదటనే చెప్పుడు. ప్రొలాక్టిన్ చూచితిరా యని అడుగుడు.